నూట ఎనభైలో ఒకటి



కిందటేడు శ్రావణమాసంలో ఒక గర్భిణి అత్తగారిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మూడో నెల వెళ్ళబోతోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒకే ఒక కాగితం. దాన్ని బయటికి తీయడానికి కూడా ఆ పిల్లకు చేతులు రాలేదు. అత్తగారే తీసి నా బల్ల మీద పెట్టారు. డబుల్ మార్కర్ రిపోర్టు అది. పైన ఎర్రక్షరాలతో ‘స్క్రీన్ పాజిటివ్’ అని ఉంది. కింద 1:180 అని అంకె.

“బిడ్డకు బుద్ధి ఎదగదంట కదమ్మా. ల్యాబులో కుర్రాడు చెప్పాడు. రెండు రోజుల్నించి పిల్ల ముద్ద ముట్టలేదు. ఉంచుకోవాలా, తీయించుకోవాలా అని ఇంట్లో ఒకటే గొడవ” అన్నారామె.

నేను అత్తగారినే అడిగాను: “మీరు బియ్యం ఏరతారా అమ్మా?”

“ఏరకుండా ఎసట్లో పోస్తామా?”

“మెరికేమోనని వేలితో పక్కకు లాగినవన్నీ మెరికలేనా?”

“అన్నీ ఎందుకవుతాయి? రంగు మారిన గింజలుంటాయి, వడ్లుంటాయి. వెలుతుర్లో పట్టుకుని మళ్ళీ చూస్తాం.”

ఈ కాగితం చెప్పిందీ అంతేనని ఆమెకు చెప్పాను. మీ కోడలిని పళ్ళెంలో ఓ పక్కకు లాగి, వెలుతుర్లో మళ్ళీ చూడమంటోంది. ఇలాంటి అంకె వచ్చిన తల్లులు నూట ఎనభైమంది ఈ వరండాలో కూర్చున్నారనుకోండి. వాళ్ళలో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు. మిగిలిన నూట డెబ్భై తొమ్మిదిమందికి ఉండదు. ఆ మాట విన్నాక ఆ పిల్ల మొదటిసారి తలెత్తి చూసింది. తరువాత పెద్ద ఆసుపత్రిలో ఉమ్మనీరు తీసి పరీక్ష చేశారు. ఫలితం రావడానికి రెండు వారాలు పట్టింది. బిడ్డ క్రోమోజోములు సరిగానే ఉన్నాయి. కానీ ఆ ల్యాబులో ఎవరో ఒక్క నిమిషం కూర్చోబెట్టి అంకె అర్థం చెప్పి ఉంటే, ఆమె ఆ రెండు రోజులు పస్తుండేది కాదు. ‘తీయించుకోవడం’ అనే మాట ఆ ఇంట్లో పుట్టేదే కాదు.

గర్భిణులకు చేసే పరీక్షల గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ కాగితమే. ఇప్పుడు పరీక్షలకు కొదవ లేదు. పల్లెల్లో కూడా ఆశా అక్క వచ్చి పేరు రాసుకుంటోంది, ఏఎన్ఎం రక్తం తీస్తోంది, చేతికి తల్లీబిడ్డల కార్డు ఇస్తున్నారు. కొరవడింది మాట. ఏ పరీక్ష ఏం అడుగుతోంది, దాని జవాబు ఎంతవరకు నమ్మాలి, ఆ తరువాత ఏం చేయాలి అన్నది తల్లికి తెలియాలి. ఫైల్లో పెట్టి రబ్బరుబ్యాండు వేసిన రిపోర్టు ఎవరికీ పనికిరాదు.

మొదట వేళ గురించి చెబుతాను. మన ఇళ్ళల్లో మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందనో, నిలుస్తుందో లేదోననో పెద్దవాళ్ళ భయం. ఆ భయాన్ని నేను కాదనను. గర్భం పోయిన ఇళ్ళల్లో ఆ బాధ ఎంతటిదో చూశాను. ఊరందరికీ చెప్పకండి, కానీ డాక్టరుకు చెప్పండి. ఎందుకంటే కొన్ని పరీక్షలకు తలుపు మూడు వారాలే తెరిచి ఉంటుంది. బిడ్డ మెడ వెనక నీటిపొర మందం చూసే ఎన్టీ స్కాను 11 వారాలు నిండిన నాటి నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. పద్నాలుగో వారం నిండితే ఆ కొలతకు విలువ లేదు. డబుల్ మార్కరూ అంతే.

ఇంకో చిక్కుంది. మనం నెలలు లెక్కపెడతాం, డాక్టర్లు వారాలు లెక్కపెడతారు. “ఆఖరిసారి నెలసరి ఎప్పుడయిందమ్మా?” అంటే “సంక్రాంతి వెళ్ళాక”, “బోనాలప్పుడు” అంటారు. పండుగ గుర్తున్నా తారీఖు గుర్తుండదు. అందుకే తొలి స్కాను ముఖ్యం. తలపై నుంచి పిరుదు దాకా బిడ్డ పొడవును మిల్లీమీటర్లలో కొలిచి వారాలు చెబుతారు. మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ దాదాపు ఒకే తీరున పెరుగుతారు కాబట్టి లెక్క కొద్ది రోజుల తేడాతో సరిపోతుంది. ఏడో నెలలో వచ్చి తేదీ చెప్పమంటే ఆ పని కుదరదు. అప్పటికి పిల్లలు తలో తీరుగా పెరిగి ఉంటారు. ‘డేటు దాటింది’ అని కంగారుపడి వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు తేదీయే తప్పు.

ఖరీదైన పరీక్షల సంగతి కాసేపు పక్కన పెడదాం. ముప్ఫై ఏళ్ళ ప్రసూతి వార్డు అనుభవంతో చెబుతున్నాను. తల్లి ప్రాణం కాపాడేవి చవకైన పరీక్షలే. వేలి చివర ఓ చుక్క, చేతికి చుట్టే బీపీ పట్టీ, సీసాలో కాస్త మూత్రం.

రక్తంతో మొదలుపెడతాను. ఓసారి నా గదిలో ఒకామె చీరచెంగు విప్పి బలపం ముక్క తీసి నోట్లో వేసుకుంది. నేను చూశానని సిగ్గుపడింది. “వద్దనుకున్నా ఆగడం లేదు డాక్టరుగారూ, ఇంట్లో సున్నం గోడ కూడా గీకి తింటున్నా” అంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మట్టి, బలపం, పచ్చిబియ్యం తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము అడుగంటిందని చెప్పే గుర్తు. ఆమె హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. గర్భిణికి 11 గ్రాములుండాలి. 7 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత. అలాంటి మనిషికి కాన్పులో మామూలుగా పోయే నెత్తురు పోయినా గుండె తట్టుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువైనవాళ్ళేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. వేసుకున్నామంటారు, ఇంటికెళ్ళి చూస్తే బీరువా మీద కట్టలు కట్టలుగా ఉంటాయి. విరేచనం నల్లగా అవుతుందని, మలబద్ధకం వస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని మానేస్తారు. బిడ్డ రంగుకూ ఐరన్ మాత్రకూ ఏ సంబంధమూ లేదు. విరేచనం నల్లబడటం మాత్ర ఒంట్లోకి వెళ్ళిందనడానికి గుర్తే. టీ, కాఫీలతో వేసుకోవద్దు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. రెంటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. అయినా పెరగకపోతే ఇనుమును నరానికి ఎక్కించే మందులు ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఇస్తున్నారు. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కసారి చూసి ఊరుకోకూడదు, వెళ్ళిన ప్రతిసారీ చూడాలి. బలపం తిన్న ఆ తల్లికి నాలుగు విడతలు ఐరన్ ఎక్కించాం. కాన్పు నాటికి 10.2కు వచ్చింది. బలపం మీద మనసు పోవడం దానంతటదే ఆగిపోయింది.

ఇక బీపీ, మూత్రం. ఈ రెంటినీ నేను విడదీయలేను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మూత్రంలో ఆల్బుమిన్ చూడటానికి ఇప్పటిలా రంగుపట్టీలు అన్నిచోట్లా ఉండేవి కావు. గాజు గొట్టంలో మూడొంతులు మూత్రం పోసి, పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద కాచేవాళ్ళం. మామూలుగా అయితే ఏమీ అవదు. కొందరిది కాగీ కాగగానే పైన తెల్లగా, గంజిలా మబ్బు కమ్మేది. ఎసిటిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే ఆ మబ్బు కరిగిపోతే భయం లేదు. కరగకపోతే అది ప్రొటీను, వేడికి కోడిగుడ్డు తెల్లసొన గడ్డకట్టినట్టు గడ్డకట్టిన ప్రొటీను. ఒకరోజు ఎనిమిదో నెల గర్భిణి మూత్రం గొట్టం సగం దాకా పెరుగులా తోడుకుంది. ఆమె బయట బెంచీ మీద కూర్చుని పక్కావిడతో నవ్వుతూ మాట్లాడుతోంది. తలనొప్పని వచ్చింది, అంతే. బీపీ చూస్తే 170/110. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చాయి.

దాన్నే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారు. ఒకప్పుడు దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టేవారు. ఆమెను దక్కించుకున్నాం. మెగ్నీషియం సల్ఫేటు ఇంజక్షన్లు అప్పటికే ఉన్నాయి. కానీ నాకు ఇప్పటికీ మనసులో మెదిలేది ఆ నవ్వు. లోపల అంత ముప్పు ముంచుకొస్తున్నా ఆమెకు పెద్దగా బాధేమీ లేదు. బీపీ పట్టీ, కాచిన గొట్టం లేకపోతే నాకూ తెలిసేది కాదు. అయిదో నెల దాటాక బీపీ 140/90 దాటితే ఊరుకోకూడదు. ముఖానికి, చేతులకు నీరు పట్టడం, కళ్ళు మసకబారడం, తగ్గని తలనొప్పి, పొట్ట పైభాగంలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా మరుసటి నెల దాకా ఆగకుండా ఆ రోజే వెళ్ళండి. ఈ జబ్బు రాగలదని ముందే కనిపెట్టగలిగితే, పదహారో వారంలోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టి చాలామందిలో ఆపగలుగుతున్నాం. తొలికాన్పు, అంతకుముందు కాన్పులో బీపీ, అమ్మకో అక్కకో ఇలాగే వచ్చి ఉండటం, లావుగా ఉండటం, ఇవన్నీ డాక్టరుకు మొదటిసారే చెప్పండి. ఆస్పిరిన్ మాత్రం ఎవరంతట వాళ్ళు వేసుకోకూడదు.

చక్కెర పరీక్ష గురించి చెప్పేముందు ఒక పెద్దాయన పేరు చెప్పాలి. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్యగారు. మన దేశంలో పల్లెటూరి గర్భిణి పరగడుపున పదిమైళ్ళు ప్రయాణం చేసి రాలేదు, వచ్చినా మళ్ళీ రెండోసారి రాదు అని ఆయన గుర్తించారు. అందుకే తిన్నా తినకపోయినా ఫరవాలేదని, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి సరిగ్గా రెండు గంటలకు ఒక్కసారి రక్తం తీస్తే చాలని పద్ధతి పెట్టారు. 140 గాని, అంతకు మించి గాని ఉంటే గర్భంతో వచ్చిన షుగరు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని దేశమంతటా ఈ వ్యాధి గురించి చెప్పే రోజుగా జరుపుతున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, అందులో బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయాలి. గ్లూకోజు తాగిన అరగంటలోపు వాంతయితే ఆ రోజు పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్ళీ తాగాలి.

“మా వంశంలో ఎవరికీ షుగరు లేదండీ” అంటారు. వంశంతో పనిలేకుండా కూడా వస్తుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర బిడ్డకు చేరుతుంది, బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేసుకుంటుంది. బొడ్డు కోసిన తరువాత చక్కెర రావడం ఆగిపోతుంది, కానీ ఇన్సులిన్ మాత్రం మిగిలే ఉంటుంది. పుట్టిన గంటల్లో బిడ్డకు చక్కెర పడిపోవడానికి కారణమిదే. చాలామందికి పళ్ళెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచి, తిన్నాక కాసేపు నడిస్తేనే అదుపులోకి వస్తుంది. ఇద్దరి తిండీ తినమని నిండుగా వడ్డించే అమ్మలకూ అత్తలకూ ఈ ఒక్క మాట చేరాలి.

కొన్నింటిని గబగబా చెప్పేస్తాను. రక్తం గ్రూపు చూస్తారు. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే 28వ వారంలోనూ, కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపూ యాంటీ-డి ఇంజక్షను వేయాలి. గర్భం పోయినా ఇది వర్తిస్తుంది, అక్కడే చాలామంది మరిచిపోతారు. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు ప్రతి గర్భిణికీ చేస్తారు. ఎవరి శీలాన్నో శంకించి చేసేవి కావవి. హెచ్ఐవీ ఉన్న తల్లి మందులు సరిగా వాడితే నూటికి తొంభై అయిదుకు పైగా బిడ్డలు దాని బారిన పడకుండా పుడతారు. హెపటైటిస్-బి ఉన్నట్టు ముందే తెలిస్తే బిడ్డకు మొదటి రోజే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ వేస్తారు. థైరాయిడ్ కూడా చూస్తారు. ‘టార్చ్’ అని ఒక కట్ట పరీక్షలున్నాయి. ఏ లక్షణమూ, ఏ అనుమానమూ లేని గర్భిణికి వాటి అవసరం లేదు. అనవసరమైన పరీక్ష అనవసరమైన భయాన్ని కొనితెస్తుంది.

తలసేమియా దగ్గర మాత్రం ఆగాలి. ఇది మన మేనరికాల ముచ్చట. మేనమామనో, బావనో చేసుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే, ఆస్తి నిలుస్తుందని, పిల్ల కళ్ళముందు ఉంటుందని. నేను ఆ బంధాలను తప్పుపట్టడానికి రాలేదు. అయితే ఒకే తాతముత్తాతల రక్తం రెండువైపులా ఉన్నప్పుడు, దాగి ఉన్న ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. తలసేమియా వాహకులు మనలాగే తిరుగుతుంటారు. కాస్త రక్తం తక్కువగా ఉంటుంది, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగదు, అంతే. ఇద్దరు వాహకులు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు వీలుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు, ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఆ బిడ్డకు మూడు, నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. హైదరాబాదులో 1998లో మొదలైన తలసేమియా, సికిల్‌సెల్ సొసైటీలో ఆ పిల్లలు చేతికి సూదితో హోంవర్కు రాసుకుంటూ కనిపిస్తారు.

తల్లి రక్తంలో హెచ్‌బీ-ఏ2 అనే హిమోగ్లోబిన్ పాళ్ళు చూస్తే సంగతి తెలిసిపోతుంది. మామూలుగా 3.5 శాతం దాటదు. దాటితే భర్తకు కూడా చేయాలి. అక్కడే వస్తుంది చిక్కు. “నాకేమైంది మేడం, నాకు రక్తం బానే ఉంది” అంటాడు అబ్బాయి. వాళ్ళమ్మ ఆ వెనకే, “మావాడికెందుకమ్మా పరీక్ష?” అంటుంది. ఒకాయన మూడుసార్లు పిలిస్తే రాలేదు, నాలుగోసారి అయిదో నెలలో వచ్చాడు. ఆయనా వాహకుడే. మూడో నెలలోనే వచ్చి ఉంటే మాయ నుంచి చిన్న ముక్క తీసి అప్పుడే బిడ్డ సంగతి తేల్చేవాళ్ళం. అయ్యా, కడుపు మోసేది ఆమె. అరచెంచా రక్తం ఇవ్వాల్సింది మీరు. ఏజెన్సీలో ఉండే వాళ్ళకు ఇదే మాట సికిల్‌సెల్ గురించి చెప్పాలి. పాడేరు వైపైనా, ఆదిలాబాదు వైపైనా ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద అది ఉచితం.

మళ్ళీ ఆ ఎర్రక్షరాల రిపోర్టు దగ్గరికి వద్దాం. డబుల్ మార్కర్‌లో తల్లి రక్తంలో మాయ తయారుచేసే రెండు పదార్థాలను కొలుస్తారు. స్కానులో మెడ వెనక పొర మందం, తల్లి వయసు కలిపి కంప్యూటరు ఒక అంకె ఇస్తుంది. 1:250 కన్నా ముప్పు ఎక్కువుంటే పాజిటివ్ అనడం మామూలు. గీత అక్కడ గీసింది మనుషులే. ఈ పద్ధతిలో నూరుమంది గర్భిణుల్లో అయిదుగురు పక్కకు తీయబడతారు, వాళ్ళల్లో ఎక్కువమంది బిడ్డలు బాగానే ఉంటారు. ఇంకో వైపు, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో నూటికి పదిమందినైనా ఈ జల్లెడ వదిలేస్తుంది. కాబట్టి నెగటివ్ వచ్చినవాళ్ళకు హామీ లేదు, పాజిటివ్ వచ్చినవాళ్ళకు శిక్ష లేదు.

వయసు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుందన్నది నిజమే. ముప్ఫై అయిదేళ్ళకు సుమారు 350లో ఒకటి, నలభైకి వందలో ఒకటి. కానీ మన దగ్గర ఎక్కువమంది ఇరవైల్లోనే కంటారు కాబట్టి ఆ బిడ్డల్లో ఎక్కువమంది పుట్టేదీ చిన్న వయసు తల్లులకే. “ఈ వయసులో నాకెందుకు వచ్చింది, ఏం పాపం చేశాను” అని కుమిలిపోకండి. కణం విడిపోయేటప్పుడు ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి ఎక్కువగా వచ్చింది. మీరు తిన్నదానికీ, తిరిగినదానికీ దానితో సంబంధం లేదు.

అలా పక్కకు తీసినవాళ్ళకు రెండు దారులు. 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గర్భిణి రక్తంలో బిడ్డ డీఎన్ఏ తునకలు తిరుగుతుంటాయని చూపించారు. దాని నుంచి పుట్టింది ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష. పదో వారం నుంచి చేయొచ్చు. డౌన్ సిండ్రోమ్ విషయంలో చాలా నమ్మదగినది, చాలా ఖరీదైనది కూడా. అయినా అదీ జల్లెడే, సన్నకన్నాల జల్లెడ. ఆ తునకలు నిజానికి మాయవి. ఎప్పుడైనా మాయలో ఒకటి, బిడ్డలో ఒకటి ఉండొచ్చు. తేల్చి చెప్పేది ఉమ్మనీరు పరీక్ష. పదిహేను వారాలు దాటాక స్కానులో చూస్తూ సన్నటి సూదితో కాస్త నీరు తీస్తారు. గర్భం పోయే ముప్పు నూటికి ఒకటి కన్నా తక్కువ. తక్కువే అయినా ఉంది కాబట్టి అందరికీ చేయరు. ఏ ఆలోచన చేసినా ఈ పరీక్ష తేల్చాకే చేయండి. ఆ తరువాతి నిర్ణయం ఆ దంపతులది. నాదీ కాదు, ల్యాబు కుర్రాడిదీ కాదు, ఊళ్ళోవాళ్ళదీ కాదు.

అయిదో నెలలో టిఫా స్కాను. మన రెండు రాష్ట్రాల్లో ఈ పేరు తెలియని గర్భిణి లేదిప్పుడు. లోహంలో కంటికి కనపడని పగుళ్ళను శబ్దతరంగాలతో వెతికే యంత్రాన్ని చూసి, గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడికి దానితో మనిషి కడుపులో కూడా చూడొచ్చు కదా అనిపించింది. 1958లో ఆయన, టామ్ బ్రౌన్ అనే ఇంజినీరు, మరో వైద్యుడు కలిసి తొలి చిత్రాలు ప్రచురించారు. ఇప్పుడు 18 నుంచి 20 వారాల మధ్య గుండెలో నాలుగు గదులు, వెన్నుపూస, మూత్రపిండాలు, మెదడు, పెదవి ఒక్కొక్కటీ తీరిగ్గా చూస్తారు. గుండెలో పెద్ద లోపముందని తెలిస్తే పుట్టిన గంటల్లోనే గుండె డాక్టరు అందుబాటులో ఉండే చోట కాన్పు ఏర్పాటు చేస్తాం. ఈ స్కానులో అన్నీ కనపడవు. చిన్న రంధ్రాలు కనపడకపోవచ్చు, వినికిడి, తెలివి కనపడవు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ కూడా ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది. వారాలు దాటనివ్వకూడదనడానికి ఇంకో కారణముంది. 2021 సవరణ తరువాత గర్భం తీయించుకోవడానికి చట్టం కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా వెసులుబాటు ఇస్తుంది, ఆ తరువాతైతే తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చాలి. ఏడో నెలలో టిఫాకు వచ్చిన తల్లి ముందు దాదాపు అన్ని దారులూ మూసుకుపోయి ఉంటాయి.

పెదవి సంగతి చెప్పకుండా వెళ్ళలేను. చీలిన పెదవిని మనం గ్రహణం మొర్రి అంటాం. పేరులోనే నేరం మోపాం. గ్రహణం రోజు బయటికొచ్చావనో, కూరగాయలు తరిగావనో ఆ తల్లిని జీవితాంతం అంటారు. ఆరు, ఏడు వారాల పిండంలో రెండువైపుల నుంచి వచ్చి కలవాల్సిన కండ కలవకపోవడం అది. అప్పటికి చాలామందికి నెల తప్పిందని కూడా సరిగా తెలియదు. కొద్ది నెలల వయసులోనే ఆపరేషను చేస్తే సన్నటి గీత మిగులుతుంది. టిఫాలో ముందే కనిపిస్తే నేను తల్లికి ఆపరేషను ముందు, తరువాత తీసిన బిడ్డల ఫోటోలు చూపిస్తాను. కాన్పు గదిలో ఉలిక్కిపడేకన్నా నాలుగు నెలలు ముందుగా తెలిసి, పాలు ఎలా పట్టాలో నేర్చుకుని రావడం ఆ బిడ్డకు ఎంత మేలో.

స్కాను గదిలో పాపా, బాబా అని అడగకండి. చెప్పడం నేరం, 1994 నాటి చట్టం ఉంది, డాక్టరుకు జైలుంది. ఆ చట్టం అవసరమైనందుకు నాకు ఎప్పుడూ బాధే.

ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో పురిటికి పుట్టింటికి పంపడం మన ఆనవాయితీ. సీమంతం చేసి, గాజులు తొడిగి, సారె పెట్టి పంపిస్తారు. చలిమిడి మరిచిపోరు, ఫైలు మరిచిపోతారు. రాత్రి రెండింటికి నొప్పులతో వచ్చిన పిల్లను ‘నీ గ్రూపేంటమ్మా, బీపీ ఉండేదా’ అని అడిగితే, ‘కాగితాలు అత్తగారింట్లో ఉన్నాయి’ అంటుంది. సారెతోపాటు ఆ కార్డూ, స్కాన్లూ సంచిలో పెట్టండి. ఫోన్లో ఫోటోలు తీసి మీ దగ్గరా, అమ్మ దగ్గరా, ఆయన దగ్గరా ఉంచండి. ఊరు మారగానే అక్కడి ఆశాకు కబురు చేయండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లే స్వయంగా గర్భిణులను ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. పుట్టింట్లో ఉన్నా ఆ రోజు వెళ్ళొచ్చు.

కాన్పుతో పరీక్షలు అయిపోయాయనుకుంటారు. షుగరు వచ్చిన తల్లులకు ఒకటి మిగిలి ఉంటుంది. కాన్పు తరువాత మామూలైపోయినట్టే కనిపించినా, కొన్నేళ్ళకు వాళ్ళల్లో చాలామందికి మధుమేహం తిరిగి వస్తుంది. అందుకే ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష, ఈసారి పరగడుపున. ఎంత చెప్పినా పదిమందిలో ఇద్దరు కూడా నా దగ్గరకు వచ్చేవాళ్ళు కాదు. పసిబిడ్డను వదిలి తన కోసం ఆసుపత్రికి రావడం ఏ తల్లికీ ముఖ్యంగా తోచదు. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకు పెంటావాలెంట్ టీకా ఉంటుంది, దానికి మాత్రం అందరూ వస్తారు. అందుకని ఆ రోజే ఏమీ తినకుండా రమ్మని కార్డు మీద పెద్దక్షరాలతో రాసివ్వడం మొదలుపెట్టాను.

పోయిన నెల ఒకామె అలాగే వచ్చింది. ముందు తన రక్తం ఇచ్చి గ్లూకోజు తాగింది, ఆ తరువాత బిడ్డకు టీకా వేయించింది. వాడు ఏడ్చి ఏడ్చి ఒడిలోనే నిద్రపోయాడు. రెండు గంటలు కాగానే నర్సు సూదితో దగ్గరికి వచ్చింది. ఆ తల్లి వాడిని లేపకుండా, మెల్లగా చెంగు కింద నుంచి తన కుడిచెయ్యి బయటికి తీసి చాపింది.